లేదు అని రాయడానికి ఒక గడి



ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను డాక్టర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. ప్రసంగం అయ్యాక ఎవరైనా ఫోన్ చేసి ఫలానా మాత్ర వేసుకోవచ్చా అని అడిగితే నా దగ్గర జవాబు ఉండదు. యాంటీబయాటిక్స్ గురించి మాట్లాడమని రేడియో వాళ్ళు అడిగినప్పుడూ ఇదే చెప్పాను. వాళ్ళు వదల్లేదు. సరే, నాకు తెలిసిన చిన్న ముక్క ఒకటుంది, అది చెబుతాను. మనిషి ఒంట్లోనో కోడి పేగులోనో ఉన్న సూక్ష్మజీవికి ఏ మందు పనిచేస్తుంది, ఏది పనిచేయదు అని తేల్చేది లాబొరేటరీ. ఆ లాబొరేటరీ మాట నమ్మొచ్చా లేదా అని చూసి రాసేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళని అసెసర్లు అంటారు. ఎలా చూడాలో ఆ అసెసర్లకి నేర్పే శిక్షణలో నేనూ ఒకసారి కూర్చున్నాను. అక్కడ నా పరువు కొంత పోయింది. అదీ చెబుతాను.

పోయినేడు మా ఊళ్ళో అమ్మకి యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది. చలిజ్వరం, నీరసం. నాన్నగారు పరీక్ష చేయించి రిపోర్టు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. మందుల పేర్లు వరసగా, ప్రతి పేరు పక్కన ఒక అక్షరం. ఎస్ అంటే ఆ మందుకి క్రిమి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. డాక్టరు గారు ఆ కాగితం చూసి పెదవి విరిచి, ఇంకో చోట కూడా చేయించండి అన్నారట. చేయించారు. రెండో కాగితంలో రెండు మందుల దగ్గర అక్షరాలు తారుమారయ్యాయి. అక్కడ ఆర్, ఇక్కడ ఎస్. అమ్మ ఫోన్లో నీరసంగా అడిగింది, "రెండిట్లో ఏది నిజంరా? నువ్వు ఆ లాబొరేటరీల పనే చేస్తావు కదా?" అని.

నేను చేసేది లాబొరేటరీల పని కాదు, వాటికి కావలసిన కంప్యూటర్ పని. అమ్మకి ఆ తేడా పట్టదు. పట్టక్కర్లేదు కూడా. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఆ ఆర్, ఆ ఎస్ ఎక్కడినుంచి వస్తాయో కాస్త చెప్పాలి.

గాజు పళ్ళెం లాంటిది ఒకటుంటుంది. అందులో జున్నులా గడ్డకట్టిన పదార్థం పోస్తారు, దాన్ని అగార్ అంటారు. దాని మీద రోగి నుంచి తీసిన క్రిములని దూదిపుల్లతో సమంగా పులుముతారు. పైన మందు అద్దిన చిన్న చిన్న కాగితపు బిళ్ళలు పెడతారు. 35 డిగ్రీల వెచ్చదనంలో రాత్రంతా, అంటే 16 నుంచి 18 గంటలు, ఉంచుతారు. మర్నాడు చూస్తే పళ్ళెమంతా క్రిములు తెల్లగా పొరకట్టి ఉంటాయి. మందు పనిచేసిన చోట మాత్రం బిళ్ళ చుట్టూ గుండ్రంగా ఖాళీ ఉంటుంది, చెట్టు కింద నీడలాగ. ఆ ఖాళీ వెడల్పుని స్కేలు పెట్టి మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఫలానా సంఖ్య దాటితే ఎస్, ఇంకో సంఖ్యకి లోపల ఉంటే ఆర్. అంతే. ఇంత పెద్ద విషయానికి చివరికి ఆధారం ఒక స్కేలు.

వినడానికి సులువుగానే ఉంటుంది. ఆ జున్ను మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. మందంగా పోస్తే మందు లోపలికి ఇంకిపోయి పైన వృత్తం చిన్నదవుతుంది, పనిచేసే మందు కూడా పనిచేయనట్టు కనిపిస్తుంది. పల్చగా పోస్తే అందుకు తిరకాసు. క్రిములు చిక్కగా పులిమినా వృత్తం తగ్గుతుంది. బిళ్ళలు ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగా ఉండగానే డబ్బా మూత తీస్తే లోపల చెమ్మ చేరి కొన్ని మందులు దెబ్బతింటాయి. ఇన్ని జరగొచ్చు కాబట్టే లాబొరేటరీ వాళ్ళు తమ పరీక్షని తామే పరీక్షించుకోవాలి. దానికి ప్రపంచమంతా వాడే ప్రామాణిక క్రిములున్నాయి. ఈ.కోలైలో ఒకటి అమెరికన్ టైప్ కల్చర్ కలెక్షన్ అనే సంస్థ దాచి ఉంచింది, దాని నంబరు 25922. ఆ క్రిమి మీద జెంటమైసిన్ బిళ్ళ పెడితే వృత్తం 19 నుంచి 26 మిల్లీమీటర్ల మధ్యే రావాలి. టోక్యోలో చేసినా, తణుకులో చేసినా. రాలేదంటే ఆ వారం మీ లాబొరేటరీలో ఏదో తేడా ఉంది, రోగుల రిపోర్టులు బయటికి పంపకూడదు. దీన్నే క్వాలిటీ కంట్రోల్ అంటారు.

19 నుంచి 26. ఈ అంకెలు కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాయి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే అవతల ఉన్నది చిన్న సంగతి కాదు. 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఒక్క 2019లోనే మందులకి లొంగని బ్యాక్టీరియా నేరుగా సుమారు 12 లక్షల 70 వేల మందిని చంపింది. అయితే ఈ లెక్కలు కట్టడానికి ఆధారం కూడా ఆ స్కేలుతో కొలిచిన మిల్లీమీటర్లే. ప్రపంచంలో చాలా దేశాల నుంచి ఆ మిల్లీమీటర్లు సరిగ్గా రావు. కొన్నిచోట్ల అసలే రావు.

మనుషుల ఆస్పత్రుల సంగతి ఎంతోకొంత అందరూ మాట్లాడతారు. నేను పనిచేసింది పశువైద్య లాబొరేటరీలకి. కోళ్ళకీ చేపలకీ యాంటీబయాటిక్స్ ఎందుకు అని మా ఆవిడ కూడా అడిగింది. జబ్బు చేస్తే ఇవ్వడం ఒకటి, జబ్బు లేకపోయినా త్వరగా బరువు పెరగడానికి మేతలో కలపడం ఇంకొకటి. ఈ రెండోదాని చరిత్రలో మన భీమవరం వాసన కొంచెం ఉంది. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లీ కంపెనీ పరిశోధనలకి డైరెక్టరుగా ఉన్నారు. ఆ పరిశోధనశాలలోనే డగ్గర్ అనే పెద్దాయన ఆరియోమైసిన్ కనిపెట్టారు, 1948లో దాన్ని లోకానికి చెప్పారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటిది. ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేదు. సుబ్బారావు గారు ఆ ఏడే ఆగస్టులో పోయారు. తర్వాత 1950లో అదే కంపెనీ శాస్త్రజ్ఞులు జూక్స్, స్టాక్‌స్టాడ్ ఇంకో సంగతి బయటపెట్టారు. ఆరియోమైసిన్ తయారుచేయగా మిగిలిన పిప్పి కలిపిన మేత తిన్న కోడిపిల్లలు ఎక్కువ బరువు పెరుగుతున్నాయని. అక్కడినుంచి మేతలో యాంటీబయాటిక్ కలపడం ప్రపంచమంతా పాకింది. యూరోపియన్ యూనియన్ 2006లో, అమెరికా 2017లో బరువు కోసం కలపడం ఆపాయి. అమెరికాది మనుషులకి ముఖ్యమైన మందుల వరకే. భారతదేశం 2019లో కోలిస్టిన్ అనే ఆఖరి అస్త్రం లాంటి మందుని పశువుల పెంపకంలో నిషేధించింది. భీమవరం చుట్టూ ఇప్పుడు కనుచూపుమేర రొయ్యల చెరువులు. సుబ్బారావు గారు చూస్తే ఏమనేవారో అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది.

రొయ్యల మాట వచ్చింది కాబట్టి ఒక గందరగోళం తీర్చేస్తాను. మన రొయ్యలు యూరప్ రేవులో దిగినప్పుడు యాంటీబయాటిక్ కోసం పరీక్షిస్తారు. భారతదేశపు చెరువు రొయ్యల సరుకులో ఇలా పరీక్షించేవాటిని 2016లో 10 నుంచి 50 శాతానికి పెంచారు కూడా. ఆ పరీక్ష మాంసంలో మందు మిగిలిందా అని చూసేది. నేను చెబుతున్నది అది కాదు. మందు మిగలకపోయినా, ఆ మందుని ఓడించడం నేర్చుకున్న క్రిమి మిగిలి ఉండొచ్చు. దాన్ని వెతకడం వేరే పని. భారతదేశంలో ఆ పనికి భారత వ్యవసాయ పరిశోధన మండలి, ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి చేపలు, పశువుల లాబొరేటరీలతో ఇన్‌ఫార్ అని ఒక వలయం ఏర్పాటు చేశాయి. ఇలా ఏళ్ళ తరబడి ఒకే పద్ధతిలో నమూనాలు తీసి క్రిములు ఎటు పోతున్నాయో కనిపెట్టి ఉండడాన్ని నిఘా అంటారు.

2015లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ విషయం మీద ఒక ప్రపంచ కార్యాచరణ ప్రణాళిక ఆమోదించింది. దేశాలన్నీ నిఘా పెట్టాలి అన్నారు. బాగానే ఉంది, ఏ దేశానికి ఎంత శక్తి ఉందో ఎలా తెలుస్తుంది? అందుకోసం ఆహార వ్యవసాయ సంస్థ ఒక కొలబద్ద తయారుచేసింది, పేరు అట్లాస్. పటాల పుస్తకం కాదు. లాబొరేటరీలనీ, మందులకి లొంగని క్రిముల మీద నిఘా వ్యవస్థలనీ మదింపు చేసే పనిముట్టు అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల్లోంచి ఏరుకున్న పేరు. అందులో రెండు భాగాలు. ఒకటి నిఘా ఎలా నడుస్తోందో అడిగేది, రెండోది ఒక్కో లాబొరేటరీని అడిగేది. పాలన, సమాచార సేకరణ, లాబొరేటరీల వలయం, సమాచారం పంచుకోవడం, వ్యవస్థ నిలకడ, ఇలా అంశాలవారీగా ప్రశ్నలుంటాయి. జవాబులని బట్టి 1 నుంచి 5 వరకు ఏదో ఒక మెట్టు మీద నిలబెడుతుంది. పై మెట్టుకి ఏం చేయాలో కూడా తేలుతుంది. ఇదంతా ఎక్సెల్ షీట్లలో ఉంటుంది. మావాళ్ళు నవ్వుతారేమో గాని, కరెంటు, ఇంటర్నెట్ నమ్మకంగా లేని చోట ఎక్సెల్‌ని మించింది లేదు.

ఇప్పుడు నా కథ. కొన్నేళ్ళ కిందట ఒక దేశంలో, పేరు చెప్పను, పశువైద్య లాబొరేటరీలకి ఫలితాలు ఎక్కించే సాఫ్ట్‌వేర్ చేసిన బృందంలో నేనున్నాను. ఎక్కించే ఫారాలు నావే. అక్కడి పశువైద్యులకీ, మైక్రోబయాలజీ వాళ్ళకీ అట్లాస్ పద్ధతిలో అసెసర్లుగా శిక్షణ పెట్టారు. డేటా తెలిసినవాడు ఒకడుండాలని నన్నూ పంపారు. వారం రోజులు. శిక్షణ ఇచ్చినావిడ ఆఫ్రికా నుంచి వచ్చిన పశువైద్యురాలు, యాభై దాటి ఉంటాయి. చాలా నెమ్మదిగా మాట్లాడతారు.

మొదటి రోజు మాలో ఒకరిని లాబొరేటరీ అధికారిగా, ఇంకొకరిని అసెసర్‌గా కూర్చోబెట్టారు. అసెసర్ అడిగాడు, "మీరు క్వాలిటీ కంట్రోల్ చేస్తారా?" అధికారి, "చేస్తామండి." అసెసర్ రాసుకున్నాడు. ఆవిడ ఆపి, "ఇప్పుడు నీకేం తెలిసింది?" అన్నారు. చేస్తారని తెలిసింది అన్నాడు. "కాదు, ఆయన మర్యాదస్తుడని తెలిసింది" అన్నారు. ఎవరూ ముఖం మీద లేదని చెప్పరు. చేస్తారా అని అడక్కండి, పోయిన వారానిది చూపించండి అని అడగండి, అన్నారు. మనకిది కొత్తేం కాదు. హోంవర్క్ చేశావా అంటే మావాడు చేశానంటాడు. పుస్తకం తెమ్మంటే అప్పుడు బాత్రూమ్ గుర్తొస్తుంది.

రెండోరోజు నేర్పింది నాకు బాగా నచ్చింది. నివేదికలోంచి ఏదో ఒక నమూనా నంబరు ఎంచుకుని వెనక్కి నడవడం. ఈ ఫలితం ఎవరు ఎక్కించారు, ఏ పళ్ళెంలోంచి కొలిచారు, క్రిమి ఈ.కోలై అని ఎలా తేల్చారు, కోడి పేగు ముక్క ఏ రోజు వచ్చింది, ఐస్ పెట్టెలో వచ్చిందా, ఏ కబేళా, ఎవరు కోశారు. సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతకడం కూడా ఇలాగే. ఇంకా ఆ కబేళానే ఎందుకు ఎంచుకున్నారు అని కూడా అడగాలి. లాబొరేటరీకి దగ్గరని ఒకే సంతలోంచి కోళ్ళు తెచ్చి దేశం మొత్తానికి లెక్క చెబితే, ఈస్ట్‌హామ్‌లో దోశ హోటలు ముందు నిలబడి బ్రిటన్‌లో ఎంతమందికి తెలుగు వచ్చో లెక్కేసినట్టుంటుంది. లాబొరేటరీ ఎంత గొప్పదైనా సరే.

నాలుగోరోజు నిజం లాబొరేటరీకి తీసుకెళ్ళారు. మా సాఫ్ట్‌వేర్ వాడుతున్న చోటే. నాకు లోపల గర్వం. కంప్యూటర్ తెరిచి చూపించాను. క్వాలిటీ కంట్రోల్ ఎంట్రీలు ఒక్క వారం కూడా తప్పలేదు. సమాచారం నూటికి నూరు శాతం పూర్తి. ఈ నూరు శాతం గ్రాఫుని అంతకు ముందే మేము మా క్లయింటుకి పెద్ద తెర మీద చూపించి చప్పట్లు కొట్టించుకున్నాం. పచ్చటి గ్రాఫు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని జెంటమైసిన్ వరస మీద వేలు పెట్టి నడిపారు. 23, 21, 24, 22, 20, 23. తర్వాత 22. 22. 22. 22. కిందికి జరుపుకుంటూ పోయారు. పద్నాలుగు వారాలు 22. అన్నీ 19కి 26కి మధ్యే, కాబట్టి మా సాఫ్ట్‌వేర్ ప్రతిదానికీ పచ్చ టిక్కు పెట్టింది. బతికున్న దాన్ని స్కేలుతో కొలిస్తే వరసగా పద్నాలుగుసార్లు ఒకే సంఖ్య రాదు. ఈ సంగతి డేటా మనిషినని వెళ్ళిన నాకు తట్టాలి. తట్టలేదు. నేను గడులు నిండాయా అని చూశాను గాని గడుల్లో ఏముందో చూడలేదు.

టెక్నీషియన్ పాతికేళ్ళ కుర్రాడు. ముఖం పాలిపోయింది. ఇలాంటప్పుడు నిలదీస్తారని అనుకున్నాం. ఆవిడ కుర్చీ పక్కకి లాక్కుని, "ఈ వారంది ఎక్కించు బాబూ, నేను చూస్తూ ఉంటాను" అన్నారు. అతను ఫారం తెరిచాడు. తేదీ వేశాడు. జెంటమైసిన్ గడి ఖాళీగా వదిలేసి సేవ్ నొక్కాడు. ఎర్రటి నక్షత్రం వెలిగింది. ఈ గడి తప్పనిసరిగా నింపాలి అని. చేయలేదు అని టైపు చేశాడు. అంకెలు మాత్రమే అని వచ్చింది. సున్నా వేశాడు. పరిధిలో లేదు, సూపర్‌వైజర్ అనుమతి కావాలి అని వచ్చింది. సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ. ఇది నింపకపోతే తర్వాతి పేజీకి పోనివ్వదు, అంటే ఆ రోజు నమూనాల ఫలితాలు ఏవీ ఎక్కవు. అతను 22 కొట్టాడు. పచ్చ టిక్కు వచ్చింది. తల తిప్పి మావైపు చూశాడు.

ఆ ఎర్ర నక్షత్రం పెట్టింది నేను. అంకెలు మాత్రమే అన్న నిబంధన రాసింది నేను. గదిలో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఓ నిమిషం అలాగే నిలబడి తర్వాత చెప్పాను.

జరిగిందేమిటంటే, నాలుగు నెలల కిందట కరెంటు మూడు రోజులు పోయింది, జనరేటర్ మొరాయించింది. ఫ్రీజర్‌లో దాచిన ప్రామాణిక క్రిమి, ఆ 25922, చచ్చిపోయింది. కొత్తది విదేశం నుంచి తెప్పించాలి. దానికి దిగుమతి అనుమతి, విదేశీ మారకం, మూడు సంతకాలు. కుర్రాడు కాగితం మీద అర్జీ పెట్టాడు, ఫైల్లో దాని నకలు కూడా ఉంది. అంటే అతను దాచలేదు. కాగితం మీద నిజం రాశాడు. రాయడానికి చోటు లేనిది మా సాఫ్ట్‌వేర్‌లోనే.

ఆ పద్నాలుగు వారాలూ కోళ్ళ నమూనాలు మాత్రం వస్తూనే ఉన్నాయి, ఆర్‌లూ ఎస్‌లూ పడుతూనే ఉన్నాయి. అవి తప్పని ఎవరూ చెప్పలేరు, ఒప్పని కూడా చెప్పలేరు. రాజధానిలో ఎవరో వాటిని కూడి శాతాలు కట్టి ఉంటారు.

ఆ రాత్రి హోటల్లో నివేదిక రాయడానికి కూర్చున్నాం. శిక్షణ కోసం చేసిందే అయినా అది ఆ శాఖ డైరెక్టరు చేతికి వెళుతుంది. పొద్దున లాబొరేటరీ అధికారి మాతో విడిగా మాట్లాడాడు. "తక్కువ మెట్టు వేస్తే ఈ లాబొరేటరీ దండగ అని మూసేస్తారు. ఎక్కువ మెట్టు వేస్తే అంతా బాగానే ఉంది కదా అని డబ్బివ్వరు. మీరే చెప్పండి ఏం రాస్తారో" అన్నాడు. మా బృందంలో ఇద్దరు మధ్యలో 3 వేద్దాం అన్నారు. పరికరాలున్నాయి, మనుషులకి పని వచ్చు, ఒక్క క్రిమి పోతే ఇంత శిక్షా అని. నాక్కూడా అదే న్యాయంగా అనిపించింది. నా తప్పు కూడా అందులో కొంచెం మరుగున పడుతుంది కదా. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆవిడ మెట్టు గురించి మాట్లాడ్డానికే ఒప్పుకోలేదు. మెట్టు మీరు వేసేది కాదు, జవాబుల్లోంచి తేలేది అన్నారు. ప్రతి ప్రశ్నకీ జవాబు పక్కన మీరు కంటితో చూసిందేమిటో రాయండి. గత మూడు నెలల్లో క్వాలిటీ కంట్రోల్ జరిగిందా, లేదు. ఎందుకు, ఫ్రీజర్, కరెంటు, సంతకాలు. అర్జీ ఏ తేదీన పెట్టారు, ఎన్ని రోజులు కదల్లేదు. అలా రాస్తే తప్పు కుర్రాడి మీద ఉండదు, ఆగిపోయిన ఫైలు మీద ఉంటుంది. 3 అని రాస్తే ఆ ఫైలు ఎప్పటికీ కదలదు. లేదు అనే రాశాం. మేము అనుకున్నదానికంటే ఒక మెట్టు కిందకి దిగింది.

ఇక్కడ నా సొంత అభిప్రాయం ఒకటి చెప్పాలి. ఆ లాబొరేటరీ అధికారి భయం ఉత్త భయం కాదు. ఈ మెట్ల పద్ధతిలో నాకు కనిపించిన లోపం అదే. మొత్తం శ్రమ అంతా ఒక అంకెలోకి కుదించాక పై అధికారులు ఆ అంకె ఒక్కటే చూస్తారు. పక్కన రాసింది ఎవరూ చదవరు. తలుపులు తెరిచి చూపించినవాడు నష్టపోతాడు, మూసుకున్నవాడికి పచ్చ టిక్కు. అసెసర్ మంచివాడైనంత మాత్రాన ఇది పోదు. డబ్బు ఇచ్చేవాడు కూడా ఆ కింది మెట్టుని నేరంలా చూడకుండా ఉండాలి.

ఆ డబ్బు సంగతి మనం ఉంటున్న ఈ దేశానికి కూడా సంబంధించిందే. పెన్సిలిన్ పుట్టింది ఇక్కడే, పాడింగ్టన్‌లోని సెయింట్ మేరీస్ ఆస్పత్రిలో, 1928లో. అది కనిపెట్టిన ఫ్లెమింగ్ పేరు మీద బ్రిటన్ ప్రభుత్వం 2015లో ఒక నిధి పెట్టింది. ఆసియా, ఆఫ్రికాల్లో ఇలాంటి నిఘా లాబొరేటరీలకి సాయం చేయడానికి. పదేళ్ళు నడిచింది. 2025 జూలైలో దాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. అట్లాస్ ప్రశ్నల్లో నిలకడ అని ఒక అంశం ఉందన్నాను కదా. బయటి డబ్బు ఆగిపోతే బిళ్ళలు ఎవరు కొంటారు, జనరేటర్‌కి డీజిల్ ఎవరు పోయిస్తారు అని అడగడానికి అక్కడే చోటు. శిక్షణలో మేం ఆ భాగం దగ్గరికి వచ్చేసరికి సాయంత్రమై, అందరికీ ఆకలేసి, గబగబా దాటేశాం. ఇప్పుడు తలుచుకుంటే అక్కడే ఎక్కువసేపు కూర్చోవలసింది.

నేను తిరిగొచ్చి మా ప్రాజెక్టు మేనేజరుకి చెప్పాను, ఫారం మార్చాలని. ప్రతి గడికీ చేయలేదు అని ఎంచుకునే వీలుండాలి, దాని కింద కారణం రాసే చోటుండాలి, సంఖ్య వరసగా మూడుసార్లు ఒకటే వస్తే పసుపు గుర్తు వెలగాలి. పని ఓ రోజున్నర. ఒప్పించడానికి ఆరు వారాలు పట్టింది. నూరు శాతం పడిపోతుంది కదా అని ఆయన బాధ. పడిపోయింది. మార్చిన నెలలో పచ్చ గ్రాఫు పసుపయింది, మిగతా ఊళ్ళ లాబొరేటరీల నుంచి కూడా చేయలేదు, చేయలేదు అని వచ్చాయి. బిళ్ళలు గడువు దాటాయి, స్కేలు విరిగింది, మనిషి సెలవులో ఉన్నాడు. ఒకచోట రాశారు, ఎప్పుడూ చేయలేదు, మాకు నేర్పలేదు అని.

ఇప్పుడు అమ్మ ప్రశ్న దగ్గరికి వస్తాను. రెండిట్లో ఏది నిజం? శిక్షణ పొందినవాణ్ణి కదా, ఇక్కడినుంచి ఆ రెండు లాబొరేటరీలకీ ఫోన్ చేశాను. మొదటి చోట, మీ పోయిన వారం క్వాలిటీ కంట్రోల్ రీడింగులు ఎంత అండీ అని అడిగితే, "ఎవరండీ మీరు? ఎక్కడినుంచి?" అన్నారు. లండన్ నుంచి అనగానే ఫోన్ పెట్టేశారు. రెండో చోట ఒకావిడ విసుక్కోకుండా రిజిస్టరు తెచ్చి నాలుగు వారాల అంకెలు చదివారు. నాలుగూ వేరువేరు. ఒక వారం తేడా వచ్చిందని, ఆ రోజు రిపోర్టులు ఆపి మళ్ళీ చేశామని కూడా చెప్పారు. నేను అమ్మకి ఆ రెండో కాగితం అని చెప్పాను. డాక్టరు గారు అప్పటికే ఆ కాగితం ప్రకారం మందు మొదలుపెట్టారట. అమ్మ వారంలో లేచి తిరిగింది. అయితే అది ఆ కాగితం గొప్పో, మందు గొప్పో, అమ్మ ఒంటి గొప్పో నేను చెప్పలేను.

మీరెవరైనా ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఆ రిజిస్టరు సంగతి అడిగితే అడగండి. ఫోన్ పెట్టేస్తే పెట్టేస్తారు. అలాగే ఊరినుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఊరగాయల పక్కన అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు తెచ్చుకునేవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, మా ఇంట్లో కూడా ఒకప్పుడు ఉండేవి. దాని గురించి డాక్టర్లు చెబుతారు, నాకు టైమైపోతోందని ఇక్కడ సైగ చేస్తున్నారు.

ఆ లాబొరేటరీ కుర్రాడు అప్పుడప్పుడూ నాకు మెసేజ్ పెడుతుంటాడు. నివేదిక వెళ్ళిన ఏడు నెలలకి కొత్త క్రిమి వచ్చింది. జనరేటర్ ఇంకా రాలేదు. మొదటిసారి పరీక్ష చేసిన రోజు పళ్ళెం ఫోటో తీసి పంపాడు, పక్కన స్కేలు పెట్టి. జెంటమైసిన్ 24. తర్వాతి వారం 21. ఆ తర్వాతి వారం ఏమైందని అడిగితే, "చేయలేదు, కరెంటు లేదు" అని వచ్చింది.